కదలకుండా ఉండండి

ముక్కు చివర దురద మొదలైంది. మొదలవక ఏం చేస్తుంది, కదలకూడదని ఒకరు అనడమే తడవు ఎక్కడెక్కడి దురదలూ పనిగట్టుకుని వచ్చి ముక్కు మీదే కూర్చుంటాయి. పట్టించుకోకండి, అదే పోతుంది అని తాను ఎంతమంది పేషెంట్లకి నవ్వుతూ చెప్పిందో, ఇప్పుడు తన ముక్కు దాకా వచ్చాక తెలుస్తోంది అది పోదనీ, పోతుందని చెప్పేవాళ్ళ మీద ఒళ్ళు మండుతుందనీ. బల్ల సన్నగా, చల్లగా ఉంది. నడుముకి అడ్డంగా పట్టీ, తల చుట్టూ పంజరంలాంటి కాయిల్, చెవుల్లో స్పాంజి బిళ్ళలు, వాటి మీద హెడ్‌ఫోన్లు, కుడి చేతిలో రబ్బరు బంతి. భయమేస్తే బంతి నొక్కు, వెంటనే బయటికి లాగేస్తాం, అన్నాడు నిదానం. నిదానం అతని పేరు కాదు. పేషెంటుని బల్ల ఎక్కించేటప్పుడల్లా తానే కంగారుపడిపోతూ నిదానం, నిదానం అంటాడని క్లాసు క్లాసంతా కలిసి తగిలించిన పేరు, ఆమె గలగలా మాట్లాడుతూనే ఉంటుందని పిచ్చుక అని తగిలించినట్టే. పిచ్చుకని పంజరంలో పెట్టారర్రా అని బల్ల లోపలికి జరుగుతుంటే తన మీద తనే జోకు వేసుకుంది. నిదానం నవ్వాడు. పెద్ద మేడమ్ కూడా మూతి బిగించుకునే నవ్వింది.

మెడికల్ ఇమేజింగ్‌లో పీజీ చేసేవాళ్ళకి ఈ డిపార్ట్‌మెంటులో ఇదొక ఆనవాయితీ. డిగ్రీ చేతికి వచ్చేలోగా ప్రతి ఒక్కరూ ఒకసారి ఎంఆర్ఐ మిషన్‌లో పడుకోవాలి, తోటివాడు బయట కూర్చుని స్కాన్ తియ్యాలి, వాడి వెనక కుర్చీ వేసుకుని పెద్ద మేడమ్ మార్కులు వెయ్యాలి. పెద్ద మేడమ్ అంటే ఇక్కడి సీనియర్ టెక్నాలజిస్టు, ఈ మిషన్‌నీ, దీనికి ముందున్న మిషన్‌నీ, దానికి ముందున్న దాన్నీ నడిపిన మనిషి. లోపల ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు బయట కూర్చుని కదలొద్దని గదమాయించడం ఆవిడకి గిట్టదు. పొద్దున అందరినీ అడిగినట్టే పిచ్చుకనీ అడిగింది, ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, గాజులూ దుద్దులూ తీసేశావా, చివరికి, ఏమైనా కనపడితే చెప్పమంటావా వద్దా అని. ముందు లోపల మెదడనేది ఉందో లేదో చూడండి మేడమ్, అంది పిచ్చుక. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో పడి, అడిగినదానికి ఆమె జవాబు చెప్పలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

కళ్ళకి పైన చిన్న అద్దం బిగించి ఉంటుంది. ఊపిరాడనట్టు ఉండకుండా చేసిన ఏర్పాటు, కళ్ళు తెరిస్తే గొట్టం కప్పు కాకుండా తన పాదాలూ, పాదాలకి అవతల గోడలో గాజు కిటికీ, కిటికీ వెనక కంప్యూటర్ వెలుగులో నిదానం మొహం కనపడతాయి. మిషన్ వెనక ఎక్కడో పంపు కిచ్ కిచ్ మంటూనే ఉంది, స్కాన్ నడిచినా నడవకపోయినా దాని గోల దానిదే. చప్పుడు మొదలైంది. ముందు టకటకమని కాసేపు, తల ఎక్కడుందో మిషన్ వెతుక్కునే చప్పుడు. తర్వాత డగడగ. ఆ తర్వాత సన్నగా కీచుమంటూ ఒకటి. రెండేళ్ళుగా ఈ చప్పుళ్ళతోనే కాపురం, కళ్ళు మూసుకుని విన్నా ఏ చప్పుడుకి ఏ బొమ్మ వస్తుందో చెప్పెయ్యగలదు, క్యాంటీన్‌లో చెంచాతో గ్లాసు మీద వాయించి ఇదేమిటో చెప్పుకో చూద్దాం అని నిదానంతో టీకి పందెం కాసేది. మామూలు తల స్కాన్‌కి ఐదు రకాల చప్పుళ్ళు, ఐదోది బల్లని కూడా వణికించే బొంయ్‌మనే మోత, అది అయితే అయిపోయినట్టే, బయటికి రావడమే. బయట వరండాలో అమ్మ కూర్చుని ఉంటుంది. ఇద్దరూ బజారుకి వెళ్ళి రేపటి ఇంటర్వ్యూకి బూట్లు కొనాలి, నడిస్తే చప్పుడు కానివి, పేషెంటు పక్కన టకటకా నడిచే బూట్లు పనికిరావని పెద్ద మేడమ్ అంటుంది, అందులోనూ అమ్మతో బూట్ల కొట్టుకి వెళ్ళడమంటే మాటలు కాదు, కొట్టువాడు ఎంత విసుక్కున్నా సరే ఉన్న జతలన్నీ దింపించాల్సిందే.

ఇంటర్వ్యూ. ఊళ్ళో కొత్తగా తెరుస్తున్న పెద్ద స్కానింగ్ సెంటరు, ఉన్నవి రెండే ఉద్యోగాలు, ఈ బ్యాచ్‌లో అందరి కళ్ళూ వాటి మీదే. బొమ్మలు తియ్యడం అందరికీ వచ్చు, వాళ్ళు చూసేది గొంతు. ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి పేషెంటులా నటించమంటారట, నువ్వు మాట్లాడాలి, లోపల ఏం కనపడినా నీ గొంతులో ఏమీ కనపడకూడదు. ఆ గొంతు దగ్గరే కదా తాను పోయినేడాది బోల్తా కొట్టింది. రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ వచ్చింది తలనొప్పి అంటూ, వస్తూనే కౌంటర్లో కుర్రాడి చేత రెండుసార్లు క్షమాపణ చెప్పించింది, గోడ గడియారం ఆలస్యంగా నడుస్తోందని గోల చేసింది, బల్ల ఎక్కుతూ నీ చేతులు ఇంత చల్లగా ఉన్నాయేమిటే అంది. చెప్పులు గుమ్మం దగ్గర విసురుగా విడిచింది, ఒకటి అటూ ఒకటి ఇటూ. తర్వాత బొమ్మ వచ్చింది. ఎవరూ చెప్పనక్కరలేదు, అంత పెద్ద గడ్డ. చూసేది మనం, చెప్పేది డాక్టరు, మనం నోరు విప్పకూడదు, ఇది మొదటి రోజు మొదటి గంటలో చెప్పే నియమం. పిచ్చుక నోరు విప్పలేదు. లోపలికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కూర్చోబెట్టింది, జుట్టు సరిచేసింది, గుమ్మం దగ్గర్నుంచి ఆ చెప్పుల జత తెచ్చి ఆవిడ కాళ్ళకి ఎదురుగా పొందిగ్గా పెట్టింది. టీచరమ్మ చెప్పుల వైపు చూసింది. తర్వాత పిచ్చుక వైపు చూసింది.

"వచ్చేటప్పుడు నన్నెవరూ ఇంత బాగా చూసుకోలేదు కదమ్మాయ్," అంది. "అంత ఉందా లోపల?"

డాక్టర్ గారు చెప్తారండీ అని తాను అన్నమాట నిజమే గాని, ఆ అన్నది ఏ గొంతుతో, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చచ్చిపోవాలనిపిస్తుంది. టీచరమ్మ ఆమె బుగ్గ మీద తట్టి, చెప్పులు తొడుక్కుని, వచ్చినప్పటి విసురేమీ లేకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నువ్వు ఒక్క మాట చెప్పలేదు, ఆవిడ మాత్రం రిపోర్టు తీసుకునే వెళ్ళింది, అంది పెద్ద మేడమ్ తర్వాత. తిట్టలేదు. వచ్చినప్పుడు పేషెంటుతో ఎలా ఉన్నావో పంపించేటప్పుడూ అలాగే ఉండు, ఉన్నట్టుండి ప్రేమ కురిపించకు, అంత ప్రేమ చూస్తే ఎలాంటి మనిషికైనా గుండె ఆగుతుంది, అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఎందుకు తినలేదో చెప్పమని అమ్మ కూర్చుంటే చెప్పింది. అంతా విని అమ్మ, ఇదేనా, దీనికేనా, నేర్చుకుంటే రాని గొంతా ఇది, లే, అంది.

అమ్మకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది గొంతుల గురించి. అమ్మ బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తోందో, ఏది ఆలస్యమో రోజంతా చెబుతుంది, గొంతు మార్చకుండా. చిన్నప్పుడు బడి వదలగానే ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేది తను, అమ్మ కాళ్ళ దగ్గర హోంవర్కు. ఒకరోజు ఎవరో గబగబా వచ్చి అమ్మ చెవిలో ఏదో చెప్పి వెళ్ళారు. అమ్మ మైకు నొక్కి, ఫలానా బస్సులో రావలసిన ప్రయాణికుల తాలూకు వాళ్ళు ఒకసారి ఆఫీసు దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాము, అంది, బస్సు కాస్త ఆలస్యంగా నడుస్తున్నది అన్నంత మామూలుగా. మైకు ఆపేశాక చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఆ గొంతు కావాలి తనకి. అందుకే ఇంట్లో ఆట మొదలైంది. అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని, తలకి బట్టల బుట్ట బోర్లించుకుని, ఊఁ కానివ్వు, నేను పేషెంటుని, అంటుంది. తాను వంటింటి గుమ్మం అవతల నిలబడి మనసులో అనుకోవాలి, ఈ పేషెంటుకి వచ్చిన బొమ్మ మంచిదా చెడ్డదా అని, అనుకుని, గరిటె మైకులా పట్టుకుని, అయిపోయిందండీ, చాలా బాగా పడుకున్నారు, డాక్టర్ గారు చూసి చెప్తారు, అనాలి. బుట్టలోంచి అమ్మ, చెడ్డది, అనేది. లేకపోతే, మంచిది. ఒక్కసారి కూడా గురి తప్పేది కాదు. నీకెలా తెలిసిపోతోందమ్మా అంటే, అయిపోయిందండీ అన్నప్పుడు చివర కిందకి జారావే అమ్మడూ, అనేది. ఇంకోసారి, మాట్లాడబోయే ముందు ఊపిరి పీల్చుకున్నావు, మంచి వార్తకి ఎవరు పీలుస్తారే ఊపిరి, అనేది. నెలలపాటు ఆడారు. నవ్వీ నవ్వీ అమ్మ బుట్టతో సహా మంచం మీంచి దొర్లబోయిన రోజులున్నాయి. ఈ ఆఖరి వారం మాత్రం అమ్మ వరసగా ఓడిపోయింది. చెడ్డది అనుకుని చెబితే మంచిది అంది, మంచిది అనుకుంటే చెడ్డది అంది. గోడ వైపు తిరిగి బుట్టలో బట్టలు సర్దుకుంటూ, ఇంక నీకు తిరుగులేదే, వెళ్ళి ఆ ఉద్యోగం తెచ్చుకో, అంది. తాను ఇల్లంతా గెంతింది.

బొంయ్‌మని ఐదో మోత. పళ్ళు జిల్లుమంటున్నాయి, వీపు కింద బల్ల వణుకుతోంది, హమ్మయ్య, అయిపోవచ్చింది, ముక్కు గోక్కోవచ్చు. ఆగింది. పంపు కిచ్ కిచ్. పిచ్చుకా, నిద్రపోయావా ఏంటి, గురకలు వినిపిస్తున్నాయి ఇక్కడికి, అంటాడు ఇప్పుడు నిదానం, ప్రతి చప్పుడుకీ మధ్య ఏదో ఒకటి కూస్తూనే ఉన్నాడు ఇంతసేపూ. అనలేదు. బల్ల కదలాలి. కదలలేదు. అద్దంలో చూసింది. కిటికీ వెనక నిదానం కుర్చీలో ముందుకి వంగి ఉన్నాడు, మొహం స్క్రీన్‌కి అంత దగ్గరగా పెట్టాడెందుకు, ఏ బటను నొక్కాలో మర్చిపోయి ఉంటాడు వెర్రిమొహం, మార్కులు పోతాయిరా నాయనా. పెద్ద మేడమ్ కుర్చీ వెనక్కి తోసుకుని లేచి నిలబడింది. ఆవిడ పరీక్ష మధ్యలో లేవదు. ఎవరు తప్పు చేసినా సరే చివరిదాకా చూసి, అప్పుడు లేచి, అప్పుడు కడిగేస్తుంది. ఇప్పుడు లేచి అతని భుజం మీంచి చూస్తోంది.

డగ్. డగ్. డగ్. కొత్త చప్పుడు మొదలైంది, సన్నగా, దగ్గర దగ్గరగా, ఆగకుండా. పిచ్చుకకి ముందు అర్థం కాలేదు, ఐదే కదా, ఇదేమిటి ఆరోది అని చెవి ఒగ్గింది, ఆ వెంటనే అర్థమైంది. ఇది సన్నని పొరలుగా కోసి చూపించే స్కాన్. ఇది ప్లానులో లేదు. ఉత్తినే ఎవరూ తియ్యరు దీన్ని, చాలా టైము తింటుంది, బయట పేషెంట్లు క్యూ కట్టి ఉంటారు. ఎప్పుడు తీస్తారు. ఒకచోట ఏదో ఉండి, అది సరిగ్గా ఎక్కడుందో, ఎంతుందో చూడాలనుకుంటే తీస్తారు. టీచరమ్మకి తీశారు. లేదు లేదు, ఆగు, కంగారుపడకు, పరీక్ష కదా ఇది, ఇదొకటి కూడా తీసి చూపించు అని మేడమ్ అడిగి ఉంటుంది, నిన్న ఇంకో అమ్మాయికి కూడా ఎక్కువసేపే పట్టింది, పట్టిందా, లేదు, ఆ అమ్మాయి త్వరగానే వచ్చేసింది, వచ్చి సమోసా తిందాం పద అంది. తాను గుటక వేసింది కదా రెండోదాని మధ్యలో, బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది, మళ్ళీ తీస్తున్నారు. అలుక్కుపోతే అదే చప్పుడు మళ్ళీ తీస్తారు గాని ఇంకో చప్పుడు ఎందుకు తీస్తారు. ఛీ, ఇదే క్లాసు జబ్బంటే. మొదటి ఏడాది చదివే ప్రతి జబ్బూ తమకే ఉందని హడలిపోయేవాళ్ళు అందరూ, నిదానమైతే కిడ్నీల పాఠం అయిన ప్రతిసారీ సీనియర్ల కాళ్ళావేళ్ళా పడి పొట్ట మీద అల్ట్రాసౌండ్ చేయించుకునేవాడు, జబ్బు కాదురా అది భయం, ఆకలి వేసి కడుపు గుడగుడలాడుతోంది, వెళ్ళి తిను, అని తరిమేవాళ్ళు. భయమే ఇది కూడా. ఆకలే.

కిటికీ అవతల గది తలుపు తెరుచుకుంది. తెల్ల కోటు ఒకటి లోపలికి వచ్చింది, బట్టతల, మెడలో కళ్ళజోడు తాడు. రేడియాలజీ డాక్టరు. పై అంతస్తులో గదిలో కూర్చుని అక్కడే బొమ్మలు చూసే మనిషి, ప్రాక్టికల్ పరీక్షలకి ఆయన దిగి రాడు, లిఫ్టు పాడైతే అసలు రాడు, ఈ రోజు లిఫ్టు పాడైంది. మెట్లు దిగి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముగ్గురూ ఒకేవైపు చూస్తున్నారు, ఆ చూస్తున్నది తన తలలోకి, తాను ఇక్కడ కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటే, తన ఎముక లోపలికి, తాను ఇంతవరకూ చూడని చోటుకి. పెద్ద మేడమ్ వేలు పెట్టి ఏదో చూపించింది. డాక్టరు తల ఊపాడు. ఏ వైపు చూపించింది వేలు. అద్దంలో కుడి ఎడమలు తేల్చుకోలేకపోయింది, అసలు తెరమీద బొమ్మకే కుడి అంటే ఎడమ, పేషెంటు మనకి ఎదురుగా నిలబడినట్టు చూడాలి, ఈ ముక్క జూనియర్లకి ఎన్నిసార్లు బుర్రలోకి ఎక్కించిందో, ఇప్పుడు తన బుర్రే తిరుగుతోంది.

ఎడమ చెయ్యి. అయ్యో, ఎడమ చెయ్యి. క్యాంటీన్‌లో స్టీలు గ్లాసు జారిపడింది, అందరూ చప్పట్లు కొట్టారు, అది ఎడమ చేతిలోది. కోటు బొత్తాలు పెట్టుకోవడానికి ఈ మధ్య ఎందుకో ఎక్కువసేపు పడుతోంది. బొత్తాం వదులైందనుకుంది, దారం చుట్టింది. మొన్న అమ్మ, చదివీ చదివీ తలనొప్పి తెచ్చుకుంటున్నావు, పడుకోవే అమ్మడూ, అంటే విసుక్కుంది. తలనొప్పి ఎప్పటినుంచి. ఎప్పటినుంచో గుర్తు లేదు. పేషెంటుని తాను అడిగే మొదటి ప్రశ్న అదే, ఎప్పటినుంచండీ, వాళ్ళు తెల్లమొహం వేస్తే మనసులో విసుగొచ్చేది, తన తలనొప్పి ఎప్పటినుంచో తనకే తెలియకపోవడమేమిటి అని. ఇప్పుడు తెలిసింది ఎందుకు తెలియదో. దాన్ని పట్టుకుని కూర్చుంటే భయం వేస్తుంది కాబట్టి తెలియదు. ఎడమ చేతి వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి బల్లకి ఆనించి చూసింది, కదలకుండా, కదలీ కదలకుండా. చిటికెనవేలు ఆనిందా లేదా. ఆనింది. ఆనిందనే అనిపిస్తోంది.

బంతి నొక్కితే ఆపేస్తారు. బొటనవేలు బంతి మీదే ఉంది, నొక్కితే చాలు. నొక్కితే ఏమవుతుంది. చప్పుడు ఆగుతుంది, ఏమైంది అని అడుగుతారు, ఏమైందో నాకు కాదు మీకు తెలుసు అని తాను అనాలి, అప్పుడు వాళ్ళు మాట్లాడాలి. వద్దు. మాట్లాడకండి. చప్పుడే నయం, చప్పుడు ఉన్నంతసేపూ ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. పోనీ తల ఊపేస్తే. ఒక్కసారి అటూ ఇటూ గట్టిగా ఊపితే బొమ్మంతా పాడైపోతుంది, ఏదీ కనపడదు, కనపడనిది లేనట్టే. ఊపాలని ఎంత అనిపించిందంటే మెడ నరాలు బిగుసుకున్నాయి. ఊపలేదు. రెండేళ్ళు నేర్చుకున్న చదువు మెడ మీద చెయ్యి వేసి అదిమి పట్టినట్టుంది. కన్నీళ్ళు మాత్రం ఎవరి మాటా వినలేదు, కణతల మీదుగా జారి చెవుల్లోకి దిగాయి, స్పాంజి బిళ్ళలు తడిసి చల్లబడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకూడదు. ముక్కు దురద ఎప్పుడు పోయిందో తెలియదు.

హెడ్‌ఫోన్లలో చిటుకుమంది. నిదానం మైకు నొక్కాడు. ఏరా, ఏదో ఒకటి కుయ్యి, నీ తలకాయంతా మట్టేనే పిచ్చుకా అను, నవ్వు, బతికున్నంతకాలం నీకు టీ కొనిపెడతాను.

"చాలా బాగా పడుకున్నారు," అన్నాడు నిదానం. "ఇంకో ఐదు నిమిషాలు. కదలకుండా ఉండండి."

పడుకున్నారు. ఉండండి. రెండేళ్ళలో ఎన్నడూ ఆమెని మీరు అన్నవాడు కాదు. ఒసేయ్ అంటాడు, పిచ్చుకా అంటాడు, కోపం వస్తే పిట్టముఖమా అంటాడు. గొంతు ఎక్కడా వణకలేదు, చివర కిందకి జారలేదు, మాటకి ముందు ఊపిరి పీల్చుకోలేదు. బాగా నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే ఆ గొంతు విన్నవాళ్ళెవరికీ ఏమీ తెలియదు, తోటివాడైతే తప్ప, నువ్వు అనడం మర్చిపోయి తోటిదాన్ని పేషెంట్లలోకి చేర్చేశాడని తెలిస్తే తప్ప. పై ప్రాణాలు పైనే పోయాయి పిచ్చుకకి. అరవాలనిపించింది, నిదానం, నేనురా, నన్ను నువ్వు అను అని. డగ్ డగ్ డగ్ డగ్. టీచరమ్మ లోపల పడుకున్నప్పుడు బయట మైకులో తాను కూడా ఇవే మాటలు అంది. ఆవిడా ఇలాగే అద్దంలోకి చూస్తూ ఉండి ఉంటుంది, ఈ అమ్మాయి ఇందాకటిదాకా వాగుతూనే ఉంది కదా ఇప్పుడేమిటి ఇంత మర్యాద అని. అమ్మా. అమ్మ బయట వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, పక్క కుర్చీ మీద సంచీ, ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వదు, మా అమ్మాయి వస్తుందండీ అంటుంది. ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

చప్పుడు ఎప్పుడు ఆగిందో, బల్ల ఎప్పుడు కదిలిందో, వెలుతురు మొహం మీద పడ్డాక గాని తెలియలేదు. నిదానం వచ్చి కాయిల్ గడియ తీశాడు. అతని వేళ్ళు తగిలాయి, చల్లగా ఉన్నాయి. హెడ్‌ఫోన్లు తీశాడు, మొహం వైపు చూడకుండా, ఆ చూడకపోవడం కూడా ఎవరికీ తెలియనంత ఒద్దిగ్గా. ఆమె లేచి కూర్చుంది. కాళ్ళు కిందకి వేలాడేసింది. పొద్దున్న గుమ్మం దగ్గర ఒకటి అటూ ఒకటి ఇటూ విడిచేసిన తన చెప్పులు బల్ల పక్కన, తన కాళ్ళకి ఎదురుగా, జతగా పెట్టి ఉన్నాయి.

వాటివైపు చూస్తూ కూర్చుండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. కాళ్ళు వాటిలో పెట్టాలంటే భయం వేసింది, పెడితే దిగినట్టే, దిగితే నడవాలి, నడిస్తే ఆ గది వస్తుంది. చివరికి పెట్టింది. కంట్రోల్ రూమ్ గుమ్మంలో పెద్ద మేడమ్ ఎదురొచ్చి నిలబడింది. ఆవిడ మొహం ఎప్పటిలాగే ఉంది, దానికి పెట్టింది పేరు ఆవిడ.

"పొద్దున అడిగితే నవ్వేశావు," అంది. "ఇప్పుడు చెప్పు. చూస్తావా, వద్దా? వద్దంటే తప్పేం లేదు. ఎవరూ ఏమీ అనుకోరు."

చూడకపోతే. చూడకుండా ఈ గుమ్మం నుంచే వెనక్కి తిరిగి, అమ్మని తీసుకుని బజారుకి వెళ్ళి, ఉన్న జతలన్నీ దింపించి, చప్పుడు కాని బూట్లు కొనుక్కుని, రేపు వెళ్ళి ఆ ఉద్యోగం తెచ్చుకుని, రోజూ ఇంకొకళ్ళ తలలు చూస్తూ. ఎంత బాగుంటుంది. తన చదువంతా చూడటమే కదా, ఇంకేం నేర్చుకుంది తాను. పక్కకి జరగండి మేడమ్, అంది. ఆవిడ జరిగింది. పిచ్చుక స్క్రీన్ ముందు నిలబడి ముందు పై మూల చూసింది, ఎవరి బొమ్మ చూసినా మొదట చూడాల్సింది అదే, పేరు సరిగ్గా ఉందా, వయసు సరిగ్గా ఉందా, ఒక్కోసారి పొరపాట్లు జరుగుతాయి, ముందు పేషెంటు పేరు మార్చడం మర్చిపోతారు, నిదానం ఒకసారి మర్చిపోయి చీవాట్లు తిన్నాడు. పేరు తనదే. వయసూ తనదే. పక్కన కుడివైపు అని చెప్పే గుర్తు చూసుకుంది. అప్పుడు బొమ్మ చూసింది. వెతకనక్కరలేదు. కుడి పక్కన, పైన, తెల్లగా, చిన్న రేగుపండంత, అంచులు సరిగ్గా తెలియకుండా. కుడి పక్క మెదడు నడిపేది ఎడమ చేతిని. గ్లాసు. బొత్తాలు. అంచులు తెలియకపోవడం మంచిది కాదని జూనియర్లకి తనే చెప్పింది.

"ఇదేమిటో ఇప్పుడే అనలేం," అన్నాడు డాక్టరు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని. "రేపు పొద్దున మందు ఎక్కించి మళ్ళీ తీద్దాం. చాలా శుభ్రంగా వచ్చాయమ్మా బొమ్మలు. అసలు కదల్లేదు నువ్వు."

"రేపు పొద్దున నాకు ఇంటర్వ్యూ ఉంది సార్," అంది పిచ్చుక. అన్నాక ఆ మాట ఆమె చెవికే వింతగా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. నిదానం గోడ వైపు తిరిగి భుజాలు ఎగిసిపడేలా ఏడుస్తున్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా. అతని మార్కుల సంగతి ఎవరికీ గుర్తులేదు. వాడికి వెయ్యండి మేడమ్, గొంతుకి పూర్తిగా వెయ్యండి, అందామనుకుంటూనే వరండాలోకి నడిచింది.

వరండా పొడుగ్గా ఉంది. అటు చివర కుర్చీల్లో అమ్మ, ఒళ్ళో నీళ్ళ సీసా, పక్క కుర్చీ మీద సంచీ. అమ్మకి ఇప్పుడే తెలియకూడదు. ఇంకా ఏమీ తేలలేదు కదా, రేపు తేలుతుంది, ఇవాళ ఒక్క రాత్రయినా అమ్మ నిద్రపోవాలి. పిచ్చుక నీళ్ళ కుళాయి దగ్గర ఆగి మొహం కడుక్కుంది, కోటు చివరతో తుడుచుకుంది. గొంతు సవరించుకోలేదు, సవరించుకుంటే పట్టేస్తుంది. ఊపిరి ముందే పీల్చుకుని, వదిలేసి, మామూలుగా అయ్యాక నడిచింది. ఎప్పుడూ నడిచేంత వేగంగానే నడిచింది. ఇంతసేపా అమ్మడూ, అని అమ్మ అడిగింది. పిచ్చుక నవ్వింది, మరీ ఎక్కువ కాదు, రోజూ నవ్వేంతే.

"అయిపోయిందమ్మా. బాగా పడుకున్నానట. డాక్టర్ గారు చూసి చెప్తారు."

ఎక్కడా జారలేదు. మూడు మాటలూ ఒకే తీరున, కాస్త హుషారుగా, చివరిది కొంచెం విసుగ్గా కూడా వచ్చింది, ఇంతకంటే బాగా ఎవరూ అనలేరు, రేపు వాళ్ళు వింటే ఆ క్షణమే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. అమ్మ ఆమె మొహం వైపు చూడలేదు. బట్టల బుట్ట కింద పడుకుని విన్నట్టు, తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వింది. వారమంతా అమ్మ అన్న తప్పులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి పిచ్చుకకి, గోడ వైపు తిరిగి బట్టలు సర్దుకోవడం గుర్తొచ్చింది, అమ్మ ఒక్కసారి కూడా నిజంగా ఓడిపోలేదని అప్పుడు తెలిసింది. అమ్మ కళ్ళు తెరిచి సీసా మూత బిగించింది.

"చెడ్డది," అంది. పక్క కుర్చీలోని సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కూతురికి చోటు చేసింది.